చెప్పుల స్టాండు మీద సర్వర్

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళ షాపాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టిఫిను తినాలి, పాత ల్యాప్‌టాప్ దుమ్ము దులపాలి, దాన్ని సర్వర్ చెయ్యాలి, భోజనం వేళకి కాలు మీద కాలేసుకుని కూర్చోవాలి.

సంగతేంటంటే, కనిపించిన ప్రతి వ్యాసాన్నీ 'తర్వాత చదువుదాం' అని ఫోన్లో దాచుకోవడం ఆయనకి అలవాటు. షాపులో గిరాకీ లేనప్పుడల్లా దాస్తూనే ఉంటాడు. చదవగా చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఇంటావిడైతే ఆయనకి 'తర్వాత గారు' అని పేరే పెట్టేసింది. ఇన్నాళ్ళూ అవన్నీ దాచిపెట్టిన కంపెనీ వాళ్ళు ఉన్నట్టుండి దుకాణం మూసేస్తున్నామన్నారు. ఆయనకి ఒళ్ళు మండింది. అదే పని చేసే ఓపెన్ సోర్స్ యాప్ ఒకటుందని, పైసా కట్టకుండా మన ఇంట్లో మన కంప్యూటర్ మీదే పెట్టుకోవచ్చని ఆన్‌లైన్ గ్రూపులో ఎవరో చెప్పారు.

"మన చదువు మన ఇంట్లోనే ఉండాలోయ్," అన్నాడు భార్యతో.

"చదువంటూ ఉంటే కదండీ, ఎక్కడుండాలో చూసుకోడానికి," అంది ఆవిడ, మిషను మీద కర్టెన్ అంచు కుడుతూ.

గ్రూపులో ఇచ్చిన లైన్లన్నీ ఒక్కోటీ కాపీ కొట్టి అతికించాడు. తెర మీద ఎర్ర అక్షరాలొస్తే కళ్ళు మూసుకున్నాడు, తెల్ల అక్షరాలొస్తే ముందుకెళ్ళాడు. ఎట్టకేలకి యాప్ తెరుచుకుంది. రూటర్ గుమ్మం దగ్గరుంది కాబట్టి ల్యాప్‌టాప్‌ని కూడా అక్కడే చెప్పుల స్టాండు మీద పెట్టాడు. మూత పడితే అది నిద్రపోతుంది. అందుకని మూతకి అడ్డంగా తన పాత చెప్పొకటి ఇరికించాడు.

తను దాచినవన్నీ ఉన్న ఫైలుని పాత కంపెనీ నుంచి దింపుకుని యాప్‌లోకి ఇంపోర్ట్ కొట్టాడు. తెర ఖాళీ. కాఫీ తాగొచ్చి చూశాడు. అప్పటికీ ఖాళీయే.

"పోతే పోయాయిలే. కొత్తగా మొదలెడదాం," అనుకున్నాడు. ల్యాప్‌టాప్ ఫ్యాను మాత్రం గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది.

ఇంకో పని కూడా చేశాడు. ఆ యాప్‌లో మనిషికో ఖాతా పెట్టుకోవచ్చు. కానీ ఆయనకది నచ్చలేదు. "ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి ఖాతా వాళ్ళదేంటి, వేరు కాపురాల్లాగా?" అని అందరికీ కలిపి ఒక్కటే చేసి, పాస్‌వర్డు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. అందరూ అంటే ఆయన, భార్య, ఫిజియోథెరపిస్టుగా చేస్తున్న కూతురు, పై వాటాలో ఉండే బావమరిది. ఎవరు ఏది దాచినా అందరికీ కనిపిస్తుంది, ఎవరు దాచారో మాత్రం తెలీదు. అదే ఐకమత్యం అనుకున్నాడాయన.

సోమవారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని యాప్ తెరిచాడు. అన్నిటికంటే పైన ఉంది: 'విడాకులకి ముందు ఆలోచించుకోవాల్సిన విషయాలు'. దాని కిందే 'ఒంటరిగా ఉండేవారు చిన్న గది సర్దుకోవడం ఎలా?'

కాఫీ గొంతులో అడ్డం పడింది. నిన్నటి నుంచి తనైతే ఏమీ దాచలేదు. కూతురికి పెళ్ళే కాలేదు. బావమరిదీ వాళ్ళావిడా నిన్ననే ఒక ఐస్‌క్రీమ్ ఇద్దరూ తింటూ కనిపించారు. ఇక మిగిలింది ఒక్కరే. వంటింటి వైపు చూశాడు. ఆవిడ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నవాళ్ళకే అంత ప్రశాంతత ఉంటుందనిపించింది.

అడిగేయొచ్చు. కానీ అవునంటే? అందుకని నోరు కట్టేసుకుని చేతులకి పని చెప్పాడు. గిన్నెలు తోమాడు. ఆరిన బట్టలు మడతపెట్టాడు. షాపు నుంచి ఆవిడకి కొత్త ఫ్రేము తెచ్చి, "దీనిలో నీ కళ్ళు బాగుంటాయి," అన్నాడు.

ఆవిడ కూతుర్ని పక్క గదిలోకి లాగింది. "మీ నాన్న గిన్నెలు తోమారే!"

"మంచిదేగా?"

"ఏం మంచి? యాప్‌లో ఆ విడాకుల గోల చూడలేదూ? కొంపలోంచి పోయే మనిషే ఇలా చేస్తాడు. పోయాక మనం తిట్టుకోకుండా ఉండాలని."

కూతురు ఆ గోల చూడలేదు కానీ ఇంకోటి చూసింది. 'పనిలో ఊపిరాడట్లేదా? మానేసే ముందు ఇది చదవండి' అన్నది. నాన్న షాపు కూడా ఎత్తేస్తున్నాడని దానికి అర్థమైంది. వెంటనే మేడెక్కి మేనమామకి చెప్పింది.

మేనమామది డ్రైవింగ్ స్కూలు. జనానికి బ్రేకు వెయ్యడం నేర్పుతాడు గానీ తనకి మాత్రం బ్రేకుల్లేవు. "అక్కా బావా విడిపోతే విడిపోయారు, బావ వేరే వీధికి పోకూడదు. కళ్ళ ముందే ఉండాలి," అని తీర్మానించాడు. తన దగ్గర బండి నేర్చుకుంటున్న ఒకావిడకి పక్క సందులో అద్దెకిచ్చే గది ఉంది. మర్నాడు సాయంత్రం ఆవిణ్ణి వెంటబెట్టుకుని వచ్చేశాడు.

ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుని, "ఇంతకీ ఒంటరిగా ఉండబోయేది ఎవరండీ?" అంది.

భర్త భార్యని చూపించాడు. భార్య భర్తని చూపించింది. కూతురు నాన్నని చూపించింది.

"ఒక్కళ్ళకే ఇస్తానండీ," అంది ఆవిడ అనుమానంగా.

"నేనెక్కడికి పోతానే?" అన్నాడు షాపాయన. "పోవాలనుకుంటోంది నువ్వు కదా!"

"నేనా? ఆ వ్యాసాలు దాచుకుంది మీరు! ఇన్నేళ్ళ కాపురంలో నా ముఖాన చెప్పలేక కంప్యూటర్లో పెట్టారు!"

"నేను ముట్టుకోలేదు! ఒట్టు!"

"బావా, ఒట్లొద్దు. గదికి గాలీ వెలుతురూ బాగున్నాయి," అన్నాడు బావమరిది.

"నువ్వు నోరుముయ్యరా!" అన్నారు భార్యాభర్తలు ఒక్కసారే. మూడు రోజుల్లో వాళ్ళిద్దరూ ఏకమైన మాట అదొక్కటే.

కూతురు ఫోను తెరిచి చూస్తూ ఉండగానే అందులో కొత్త వ్యాసం ఒకటి దిగింది. ఆ పిల్ల తలెత్తి అందర్నీ ఒకసారి చూసింది. "నా చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. మరి ఇప్పుడు ఇదెవరు దాచారు? 'కళ్ళద్దాల మీద గీతలు పడకుండా తుడవడం ఎలా?'"

గుమ్మం దగ్గర ల్యాప్‌టాప్ ఫ్యాను గుర్రుమంటోంది.

కూతురు వెళ్ళి చెప్పు పక్కకి తీసి తెర చూసింది. "నాన్నా! నీ ఇంపోర్ట్ ఇంకా అవుతూనే ఉంది! ముసలి ల్యాప్‌టాప్ కదా, కాసిని కాసినిగా ఎక్కిస్తోంది. ఇవన్నీ నువ్వు ఎప్పుడో దాచినవే. తేదీలు మాత్రం ఎక్కిన రోజువి వేస్తోంది."

షాపాయన ముఖంలో రంగులు మారాయి. "ఆ విడాకులది... ఒరేయ్, అది నీ కోసమే దాచానురా! అప్పట్లో మీ ఆవిడ అలిగి పుట్టింటికి పోయింది చూడు, అప్పుడు. గది సంగతీ నీకే. ఆ ఉద్యోగం మానేసే వ్యాసం, అమ్మాయి మొదట చేసిన ఆసుపత్రి నుంచి రోజూ ఏడ్చుకుంటూ వచ్చేది కదా, దాని కోసం."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు బావమరిది.

"చదివాక చెబుదామనుకున్నా."

"మా ఆవిడ తిరిగొచ్చేసింది, పిల్లలు పుట్టారు, వాళ్ళు బడికి కూడా పోతున్నారు!" బావమరిది బావ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చదవకపోవడం మంచిదైంది బావా. చదివుంటే విడదీసేవాడివి."

ఇంటావిడ కొత్త ఫ్రేము పెట్టుకుని భర్తని కాసేపు చూసింది. ఇన్నేళ్ళుగా దేశంలో కష్టాలన్నీ చూసి, ఇంట్లో ఎవరికి పనికొస్తుందో అని ఒక్కోటీ దాచుకున్న మనిషి. ఒక్కటీ చదవని మనిషి. నవ్వాపుకోలేకపోయింది.

"మరి నా కోసం ఏం దాచారు తర్వాత గారూ?"

కూతురు వెతికి చూసి గట్టిగా చదివింది. "'గురక పెట్టే భార్యతో హాయిగా నిద్రపోవడం ఎలా?'"

గది ఇచ్చే ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది. "అయితే గది ఖాళీగానే ఉందండీ, ఎప్పుడైనా చెప్పండి."

ఆవిణ్ణి సాగనంపి వచ్చాక షాపాయన మిగిలిన గిన్నెలు తోమడానికి తనంతట తనే లేచాడు. భార్య తన ఫోన్ తీసుకుని విడాకుల వ్యాసం మొదటి నుంచి చివరిదాకా తీరిగ్గా చదివి, 'చదివేశాను' అన్న బొత్తాం నొక్కింది.

ఆ యాప్‌లో చదివేసిన వాటి అరలో ఈ రోజుకీ ఉన్నది ఆ ఒక్కటే, ఆ ఇంట్లో గిన్నెలు మాత్రం ఇప్పటికీ ఆయనే తోముతున్నాడు.