ఒక్క చప్పటకు రాలిన అక్షింతలు

పెళ్లి మంటపంలో జరుగుతుందని ఇంకా నమ్మేవాళ్లుంటే దయచేసి ఆ నమ్మకం మానుకోండి. పెళ్లి జరిగేది ఎడిటింగ్ కంప్యూటర్లో! మంటపంలో తయారయ్యేది ముడిసరుకు మాత్రమే.

నేను ఊరికే అనడం లేదు. ముంబైలో మన తెలుగువాళ్లుండే కామాటిపుర పదకొండో గల్లీలో యాభై ఎనిమిదేళ్లుగా ఉంటున్నవాణ్ని. ఒక్క కెమెరా పెళ్లిళ్లు చూశాను, రెండు కెమెరాల పెళ్లిళ్లు చూశాను, మొన్న మా అమ్మాయి మయూరి పెళ్లి ఏకంగా నాలుగు కెమెరాలతో చేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, ఒక్క కెమెరా అంత ప్రమాదకరమైన వస్తువు మరొకటి లేదు. దానికి ఒకటే జబ్బు. ఏం జరిగితే అదే చూపిస్తుంది!

నా పెళ్లి క్యాసెట్టే తీసుకోండి. నేను పుస్తె కడుతుండగా మా మామగారు ఆవలించారు. ముప్పై ఏళ్లయింది, ఆయన కాలం చేశారు, ఆవలింత మాత్రం ఇంకా బతికే ఉంది. అదే నాలుగు కెమెరాలుంటే? ఆవలింతను కట్ చేసి, ఇంకో కెమెరాలో ఆయన నవ్విన ముక్క అతికించేవాళ్లు. ఆయన ఆరోజు నవ్వారా లేదా అన్నది మనకెందుకు?

మయూరి పెళ్లికి వీడియో తీసింది మా చాల్, అంటే గదికో కుటుంబం ఉండే మా మేడ, రెండో అంతస్తులోని మరాఠీ కుర్రాడు తుషార్. తీసేదీ అతనే, ఎడిట్ చేసేదీ అతనే. ఒక కెమెరా పెళ్లికూతురి మీద, ఒకటి పెళ్లికొడుకు మీద, ఒకటి చుట్టాల మీద. నాలుగోది మిగిలిన మూడు కెమెరాల మీద ఉన్నట్టు నాకు అనుమానం. వీళ్లంతా మంటపం చుట్టూ నిలబడ్డాక మాకు వీపులు తప్ప ఏమీ కనబడలేదు. అయితేనేం? కూతురి పెళ్లి కళ్లారా చూడాలన్న చాదస్తం నాకు లేదు. వీడియో ఉందిగా!

ఇక అసలు సంగతి. నాలుగు కెమెరాల బొమ్మలు తర్వాత ఒకదానితో ఒకటి కలవాలంటే నాలుగింటిలోనూ ఒకే చప్పుడు పడాలట. అందుకని ముహూర్తానికి ముందు బ్యాటరీలు మార్పించి, మేళం ఆపించి, తుషార్ మధ్యలోకి వచ్చి గట్టిగా ఒక్క చప్పట కొట్టాడు.

మరాఠీ పెళ్లిళ్లలో మంగళాష్టకాలు అవగానే అక్షింతలు చల్లి చప్పట్లు కొడతారు. మా గల్లీవాళ్లు మూడు తరాలుగా తెలుగు పెళ్లి భోజనాల కంటే మరాఠీ పెళ్లి భోజనాలే ఎక్కువ తిన్నారు. చప్పట వినబడ్డాక వాళ్లకు ఆలోచించే పనేముంది? మూడు వందల మంది ఒక్కసారిగా అక్షింతలు విసిరారు! అక్షింతలు చూసి మేళంవాళ్లు గట్టిమేళం అందుకున్నారు. గట్టిమేళం విని జనం భోజనాలకు లేచారు.

అప్పటికి పుస్తె ఎక్కడుంది? పెద్దల చేతులు తాకించుకుంటూ పళ్లెంలో మూడో వరుస దగ్గర తిరుగుతోంది.

"అరే, ఇంక కట్టనే లేదు, ఏడికి పోతున్రు!" అని అరిచాను.

"ఏసినం గద బావా, ఇంకేంది?" అన్నాడు మా బావమరిది చంద్రయ్య, ప్లేటు అందుకుంటూ.

తుషార్ మాత్రం చలించలేదు. "కాకా, టెన్షన్ ఘేవూ నకో, ఫికర్ జెయ్యకు. ఎడిట్ల అంత బరాబర్ చేస్త" అన్నాడు.

చేశాడండీ! వీడియోలో ముడి పడటం, మూడు వందల మంది అక్షింతలు కురిపించడం రెప్పపాటు తేడాతో జరిగిపోయాయి. చంద్రయ్య ఒక కెమెరాలో పిల్లను దీవిస్తున్నాడు, మరుక్షణం ఇంకో కెమెరాలో పూరీ నములుతున్నాడు. పురాణాల్లో ఇలాంటివి చేయడానికి ఎంత తపస్సు కావాలి! ఈ విద్యను పెళ్లిళ్లకే ఎందుకు వదిలేయాలి? మా చాల్ నల్లా దగ్గర నాలుగు కెమెరాలు పెడితే, పోయిన సోమవారం వచ్చిన నీళ్లను ఈరోజు పొద్దుటికి అతికించుకోవచ్చు.

వీడియో వేసిన రోజు చాల్ అంతా మా గదిలోనే ఉంది. ఎవరికి వాళ్లు తెరమీద తమను చూసుకుని మురిసిపోయారు. మా అమ్మ గంగవ్వ మాత్రం టీవీకి జానెడు దూరంలో కూర్చుని కళ్లు చికిలించుకుని చూసింది. నా భార్య పోయేనాటికి మయూరికి నాలుగేళ్లు. ఆ పిల్లను పెంచింది గంగవ్వే.

"నేనేసిన అచ్చింతలు ఏవి రా?" అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ చప్పటకు లొంగని మనిషి హాల్లో ఆమె ఒక్కతే. అందరూ చల్లినా పిడికిలి విప్పలేదు. అందరూ లేచినా కుర్చీ వదల్లేదు. పుస్తె నిజంగా పడేదాకా ఆగి, లేచి, అడ్డున్న కెమెరామన్‌ను మోచేత్తో పక్కకు నెట్టి, మనవరాలి తలమీద అక్షింతలు వేసింది.

తుషార్‌ను పిలిచి అడిగాను.

"కాకా, ఆజీ ఒక్కతే ఏస్తున్నది, ఎనక కుర్చీలన్ని ఖాళీ. మిగిల్న షాట్లకు జమత్ నాహీ, కలుస్తలేదు. అందుకే కట్ చేసిన" అన్నాడు. తర్వాత దయతలచి, "ఆజీని ఇంట్ల ఇంకోపారి ఏయమను, అతికిస్త" అన్నాడు.

గంగవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "లగ్గంల ఏసిన. ఇంట్ల ఏసుడేంది? నేనేమన్న యాక్టింగ్ చేసేదాన్నా?"

నాకు సిగ్గేసింది. మూడు వందల మంది చేసిన తప్పును సరిదిద్దడానికి, తప్పు చేయని ఒక్క మనిషిని పెళ్లిలోంచి తీసేశాం!

తుషార్‌ను బతిమాలి ఆ ముక్క నా ఫోన్లో వేయించుకున్నాను. పుస్తె పడటం, వెంటనే అమ్మ అక్షింతలు వేయడం, అంతా కలిపి పదకొండు సెకన్లు. బొమ్మ వణుకుతుంది, సగం ఎవరిదో వీపే. గంగవ్వ రోజూ టీ తాగాక అది పెట్టమంటుంది. పక్కన నేనూ కూర్చుంటాను. నా కూతురి మెడలో పుస్తె పడటం జరిగింది జరిగినట్టు నేను చూసింది అందులోనే మరి.

అయినా నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. నాలుగు కెమెరాలు వరమే! మూడు గంటల పూర్తి వీడియో మా గదిలో, బియ్యం డబ్బా పక్కన ఉంది. కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి. తిరిగి ఇవ్వనక్కర్లేదు.