స్క్రూ కనపడని గోడ

మనిషి ఇంతకాలం గోడకు లోపలివైపే కాపురం చేస్తూ బయటివైపును గాలికీ వానకూ వదిలేశాడని మొట్టమొదట కనిపెట్టిన ఘనత మన బాహ్యకుడ్య సంక్షేమ శాఖది. కనిపెట్టి ఊరుకోలేదు (ఊరుకుని ఉంటే నాగక్క కాలు విరిగేది కాదు). ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న గూడేనికి ట్రాక్టరు నిండా సిమెంటు బోర్డులు పంపింది.

మొదటి ఇల్లు నాగక్కది. వెదురు తడికకు మట్టి మెత్తిన గోడలు. ఏటా వానలకు పడమటి గోడ కరిగేది, ఆమె మళ్లీ మెత్తేది. ఈ ఏడు ఆ చాకిరీ తప్పుతుందని నిజంగానే సంబరపడింది.

బోర్డులు బిగించడానికి కొత్తగూడెం నుంచి సిరాజుద్దీన్ మేస్త్రీ వచ్చాడు. మొదటి స్క్రూ దించాడు. అది ఏ అభ్యంతరమూ చెప్పకుండా లోపలికి పోయి, రెండు వేళ్లతో లాగితే అంతే మర్యాదగా బయటికి వచ్చింది.

“స్క్రూ దేన్ని పట్టుకోవాలె సార్? మట్టినా?” అని శాఖ ఇంజినీరు బాలకృష్ణను అడిగాడు.

“ఎనిమిది అంగుళాలకో స్క్రూ కొట్టాలని రాసుంది మేస్త్రీ. అది పట్టుకోవాలని యాడా రాసి లేదు.”

“కర్ర ఫ్రేమ్ వేసి దానికి బిగిస్తె ఆగుతది.”

“కర్రకు అనుమతి కావాలె. ఆ దరఖాస్తుకు పక్కా గోడలున్న అడ్రసు కావాలె,” అని చెప్పి ఇంజినీరు జీపెక్కాడు.

సిరాజుద్దీన్ పనిలో సిగ్గు మిగిలి ఉన్న మనిషి (శాఖ దీన్ని లోపంగా పరిగణిస్తుంది). బోర్డులకు బెజ్జాలు వేసి, బైండింగ్ వైరు గోడలోంచి దూర్చి, లోపల నాగక్క దాన్ని వెదురు చుట్టూ తిప్పి ఇస్తే, బయట పట్టకారుతో మెలేసి బిగించాడు. ఆ వారం వచ్చిన గాలివానకు రోడ్డు మీద చెట్లు పడ్డాయి. బోర్డు ఒక్కటీ కదలలేదు.

తర్వాత బాలకృష్ణ ఫోనుతో వచ్చాడు. శాఖవారి యాప్ ఫొటోలో స్క్రూ తలలు లెక్కపెడుతుంది. ఒక్కటీ కనపడకపోయేసరికి ‘గోడ లేదు’ అని తేల్చింది.

“ఉన్నది గద సార్, చెయ్యి పెట్టి చూడుండ్రి,” అంది నాగక్క.

“నేను చూస్తే కాదమ్మా, యాప్ చూడాలె. వైర్లు కోసి స్క్రూలు కొట్టు మేస్త్రీ.”

“నా చేత్తోని నేను చెయ్య సార్,” అని సిరాజుద్దీన్ సామాను సర్దుకున్నాడు.

ఇంకో ముఠా వచ్చి గంటలో పని ముగించింది. మిగతా ఇళ్లకూ అలాగే కొట్టేసింది. యాప్ పచ్చగా వెలిగింది. బాలకృష్ణ గోడ పక్కన నిలబడి ఫొటో దిగాడు (ఆనుకోలేదు, అనుభవజ్ఞుడు).

నాలుగో రోజు మామూలు జల్లుకే బోర్డులు మట్టి పెళ్లలతో సహా ఊడి, చూరు కింద గిన్నెలు తోముకుంటున్న నాగక్క మీద పడ్డాయి. కుడి చీలమండ విరిగింది. విచారణ సంఘం వచ్చి, కింద పడ్డ బోర్డుల్లో కూడా స్క్రూల మధ్య దూరం సరిగ్గా ఎనిమిది అంగుళాలే ఉందని టేపుతో కొలిచి, బిగింపులో లోపం లేదనీ, పడింది గోడ మాత్రమేననీ నివేదిక ఇచ్చింది.

సంగతి తెలిసి సిరాజుద్దీన్ ఒక ఆదివారం తనంతట తానే వచ్చాడు. కాలికి కట్టుతో నాగక్క మంచం మీద కూర్చుని ఉంది.

“ఆ రోజు నేను పోకుంట అడ్డం నిలవడాల్సింది అక్కా.”

“నిలవడితె నీకు గూడ స్క్రూలు కొట్టి పోయేటోళ్లు భాయ్,” అందామె.

ఇరుగుపొరుగు మట్టి మెత్తారు. అతను పగలని బోర్డులు ఏరి మళ్లీ వైరుతోనే కట్టాడు. వానాకాలమంతా గోడ నిలిచింది.

దసరా దాటాక నోటీసు వచ్చింది. కూలినట్టు విచారణలో తేలిన గోడను శాఖ అనుమతి గానీ, ఒక్క స్క్రూ గానీ లేకుండా నిలబెట్టి ఉంచినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని దాని సారాంశం. తెచ్చిన ఉద్యోగి దాన్ని అంటించడానికి గూడెమంతా తిరిగి, నమ్మకమైన గోడ మరొకటి దొరక్క, దానికే అంటించి వెళ్లాడు.