పిన్ని ముట్టుకున్న బుడగలు

ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని మొండిఘటం అంటారు. ఆ ఉదయం ఆమె పట్టుదల ఒక్కటే. ఏడాదిగా కూర్చుని తయారుచేసిన కంప్యూటర్ తెరకు గ్రంథాలయాధికారి చేత ఔననిపించాలి. దాని మీద పుస్తకాల కోసం వెతకడానికి ఏమీ టైపు చెయ్యనక్కర్లేదు. విషయాలు బుడగల్లా తేలుతుంటాయి. ఒకదాన్ని ముట్టుకుంటే దానికి సంబంధించినవి చుట్టూ పుట్టుకొస్తాయి. వెళ్ళిన దారి గీతలా వెనక మిగులుతుంది. అధికారికి మాత్రం ఇది పిల్లల ఆటలా తోచింది. పాత పద్ధతే చాలని సగం తేల్చేశాడు కూడా.

ఆయన వచ్చేలోపు కంప్యూటర్ వాసన తగలని మనిషి చేత వాడించి చూద్దామని మొండిఘటం పిన్నిని గ్రంథాలయానికి వెంటబెట్టుకొచ్చింది.

"నేనేం వెతకాలే?" అంది పిన్ని.

"అది తెలియనివాళ్ళ కోసమే పిన్నీ ఇది. నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు, నేనొక్క ముక్క చెప్పను."

పెరట్లో గులాబీలకు చీడ పట్టిన సంగతి గుర్తొచ్చి, పిన్ని గులాబీలు ముట్టుకుంది. అక్కణ్ణించి చీడపీడలు, పురుగుమందులు, విషాలు. సరదా పుట్టి, భార్యాభర్తల నేరకథలు. వాటి పక్కనే వీలునామాలు.

పేపరు చదువుకోవడానికి తోడొచ్చిన బాబాయి హాల్లో తలెత్తాడు. పిన్ని వెతుకులాట గోడ మీది పెద్ద తెరలోనూ కనిపిస్తోంది. దూరానికి ఆనాలని మొండిఘటం అక్కడ చివరి మూడు బుడగలే పెట్టింది: విషాలు, భార్యాభర్తల నేరకథలు, వీలునామాలు.

బాబాయికి ముచ్చెమటలు పోశాయి. కడుపునొప్పి మొదలైంది. పిన్ని దగ్గరికెళ్ళి, "పొద్దున్న నాకేం పెట్టావు?" అన్నాడు నీరసంగా.

"ఎప్పుడూ పెట్టేదే," అంది పిన్ని తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

అంటే ఎన్నాళ్ళ నుంచో అన్నమాట. బాబాయి కుర్చీలో కూలబడి, పక్కాయనకు గోడ చూపించి తన అనుమానం చెప్పాడు. పక్కాయన వెళ్ళి కాపలావాడికి విషప్రయోగం జరిగిందని చెప్పాడు. నేరస్థుడు పారిపోకూడదని కాపలావాడు గేటుకు తాళం వేసి, అంబులెన్సుకు ఫోన్ చేశాడు. సరిగ్గా అప్పుడే వచ్చిన అధికారి గేటు బయట చిక్కుకుపోయి, చివరికి స్ట్రెచర్ మోసేవాళ్ళ వెనకాల లోపలికొచ్చాడు.

సంగతి విని, ముందు ఆ తెర కట్టెయ్యమన్నాడు.

మొండిఘటం కట్టెయ్యలేదు. గోడ మీద చివరి బుడగ నుంచి గీతను ఒక్కో బుడగ చొప్పున వెనక్కి లాగింది. వీలునామాల వెనక నేరకథలు, వాటి వెనక విషాలు, పురుగుమందులు, చీడపీడలు. మొదట్లో గులాబీలు.

బాబాయి కడుపునొప్పి అక్కడికక్కడే తగ్గిపోయింది. స్ట్రెచర్ ఖాళీగా వెనక్కి వెళ్ళింది.

"పాత పద్ధతిలో అయితే?" అన్నాడు అధికారి నెమ్మదిగా.

"ఆఖరి మాట ఒక్కటే మిగిలేది సార్. పిన్ని మనసులో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. గోడ మీద దారంతా కనిపించేలా ఇవాళే మారుస్తాను."

ఆయన పిన్నిని కాస్త జరగమని, తనొక బుడగ ముట్టుకున్నాడు. తర్వాత ఇంకొకటి. భోజనానికి పిలిచినా లేవలేదు. సాయంత్రానికి సంతకం పెట్టేశాడు.

ఆ మర్నాటి నుంచి బాబాయి కాఫీ తనే కలుపుకుంటున్నాడు. ఎందుకని పిన్ని ఇంతవరకూ అడగలేదు.