పుచ్చకాయ బౌల్ వారి ఆకుపచ్చ కోటు

ఆ శనివారం పొద్దున్న ఒర్విల్ క్రంప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. హెల్మెట్లు తుడవాలి, ఉతికిన జెర్సీలు గూళ్లలో సర్దాలి, మధ్యాహ్నం ఆట చూడాలి, ఏడవకుండా ఇంటికి వెళ్లాలి. మెరిడెన్ ఫోర్క్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సామాను గది అతని చేతికి వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్లయింది. ఈ ఏడాదితో ఆ ఉద్యోగం సరి.

ఆ ముప్ఫై ఒక్క ఏళ్లలో వాళ్ల జట్టును ఒక్క బౌల్ ఆటకైనా, అంటే సీజను ముగిశాక జరిగే ఆహ్వాన పోటీకైనా, పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అవును మరి, పిలిస్తేనే వెళ్లాలి! గెలిచినవాడు పై మెట్టుకు వెళ్లడమనే సంప్రదాయం అక్కడ లేదు. సీజను చివర్లో బౌల్ కమిటీల పెద్దలు రంగురంగుల కోట్లు తొడుక్కుని ఊళ్లు తిరుగుతారు. పెట్టింది తింటారు, పొగిడితే తల ఊపుతారు, నచ్చిన జట్టును కొత్త సంవత్సరం రోజు ఆటకు పిలుస్తారు. మెరిడెన్ ఫోర్క్ ఈసారి పది ఆటలాడి పదీ గెలిచింది. ఇవాళ్టిది ఆఖరిది. ఇదీ గెలిచి, పిలుపు మాత్రం రాకపోతే, పిల్లలు జెర్సీలు విప్పి ఇవ్వాల్సిందే, ఒర్విల్ వాటిని చివరిసారి ఉతకాల్సిందే.

కోచ్ టిల్మన్ తొమ్మిదింటికే గదిలోకి ఊడిపడ్డాడు.

"ఒర్విల్, పుచ్చకాయ బౌల్ ఆయన దిగాడట. హైవే మీది మోటెల్‌లో ఉన్నాడు. ఆకుపచ్చ కోటు. వెళ్లి పట్టుకురా."

"ఆ తిండిపోతుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుందండీ. ఎనిమిది జట్లను తెచ్చి ఆడించమనండి. గెలిచినవాడు పైకి, ఓడినవాడు ఇంటికి. మధ్యలో ఈ కోట్లెందుకు?"

"ఆ ఉపన్యాసం ఆయన ముందు ఎత్తావో, పీక నొక్కేస్తా. ఇంకోమాట. సాయంత్రం ఆరయ్యేదాకా పిలుపు గురించి ఆయనా మాట్లాడకూడదు, మనమూ మాట్లాడకూడదు. నిబంధన. ఆయనెవరో మనకి తెలీదు, ఎందుకొచ్చాడో అసలే తెలీదు. సరేనా?"

ఆ నిబంధన ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బౌల్ పెద్ద ఎదురైతే పేరడగరు, ఊరడగరు, దారిన పోతూ ఆగిన చుట్టంలా చూస్తారు. కొంప ముంచింది అదే.

మోటెల్‌లో ఆకుపచ్చ కోటు కాఫీ తాగుతూ కనిపించింది. దాని లోపల క్లీటస్ మార్ల్ అనే భారీ మనిషి ఉన్నాడు. ఆయన మొక్కజొన్న విత్తనాల ఏజెంటు. ఏజెంట్లందరికీ కంపెనీ ఆకుపచ్చ కోట్లు కుట్టించిందని పాపం ఒర్విల్‌కు ఎవరు చెబుతారు?

"మా ఊరు చూద్దామని వచ్చారాండీ?"

"ఆ, మీ వాళ్లతో కాస్త పని పడింది."

"మా కోచ్ గారు మీకు మంచి చోట కుర్చీ వేయించారు. దయచేయండి."

"నాకా? కుర్చీయా?" క్లీటస్ కప్పు కింద పెట్టేశాడు. "ఆహా, ఇదీ ఊరంటే!"

స్టేడియంలో కోచ్ భార్య పొగబెట్టిన పంది తొడ కోసి పెట్టింది. మేయర్ భార్య పెకాన్ పప్పులతో చేసిన 'పై' అనే తీపి వంటకం మొత్తం ఆయన ఒళ్లోనే పెట్టింది. క్లీటస్ మొహమాటపడి నిజం చెప్పేశాడు.

"మీరేదో పొరబడ్డట్టున్నారు. నేను విత్తనాలు అమ్ముకునేవాణ్ణండీ."

"అమ్ముతారు, అమ్ముతారు! ఎందుకమ్మరు?" మేయర్ కన్ను గీటాడు. ఎంత చక్కగా నిబంధన పాటిస్తున్నాడో అని ముచ్చటపడి, "నాకో నలభై బస్తాలు రాసుకోండి" అన్నాడు. పక్కనున్నవాళ్లు ఊరుకుంటారా? బ్యాంకు మేనేజరు ఇరవై రాయించాడు. జన్మలో నాగలి పట్టని పళ్ల డాక్టరు పదిహేను రాయించాడు. క్లీటస్ కళ్లు చెమర్చాయి.

ఒర్విల్ సామాను గదికి తిరిగొచ్చేసరికి గుమ్మంలో సన్నపాటి ముసలాయన నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా బురద.

"టైరు పేలిందండీ. చేతులు కడుక్కోవచ్చా?"

"వచ్చావా నాయనా!" అన్నాడు ఒర్విల్. బంతి ఎంత ముందుకెళ్లిందో కొలవడానికి మైదానం పక్కన పది గజాల గొలుసు పట్టుకునే హార్లీకి నడుం పట్టేసింది, వాళ్ల బావమరిది వస్తాడని కబురుంది. "ఇంత ఆలస్యమా? ఇదిగో కర్ర, పద!"

"అయ్యా, నేను..."

"తర్వాత చెబుదువుగాని, పద పద!"

ముసలాయన గొలుసు కర్ర పట్టుకుని గీత పక్కన నిలబడ్డాడు. పక్కనే నీళ్ల సీసాలతో ఒర్విల్, అతని ఉపన్యాసం. కోటాయన ముందు ఎత్తకూడదని కోచ్ అన్నాడు గాని, బావమరిది ముందు ఎత్తకూడదనలేదుగా!

"చూడు బావగారూ, ఈ గొలుసుకి ఎన్ని పంది తొడలు పెట్టినా పది గజాలు పదే. న్యాయమంటే అదీ! మన భవిష్యత్తు చూడు, అక్కడ పై తింటోంది."

ముసలాయన అటు చూశాడు. ఆకుపచ్చ కోటును చూసి కాసేపు కళ్లు చికిలించాడు. ఏదో అనబోయాడు. చేతి గడియారం చూసుకుని నోరు మూసేశాడు.

సగం ఆట అయ్యాక బ్యాండు వాయించి, మేయర్ మైకు తీసుకెళ్లి క్లీటస్ చేతిలో పెట్టాడు. క్లీటస్ గద్గద స్వరంతో అందుకున్నాడు.

"ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నా, ఇంత ఆదరణ ఎక్కడా చూడలేదు. అందుకే మీ ఊరికి మాత్రమే, ముప్ఫై బస్తాలు కొన్నవాళ్లకి ఒక బస్తా ఉచితం! మా మొక్కజొన్నకి పురుగు పట్టదు!"

ఇది నిబంధన పాటించడం కాదని మేయర్‌కు కూడా అర్థమైపోయింది. కోచ్ నెమ్మదిగా తల తిప్పి ఒర్విల్ వైపు చూశాడు. మోటెల్‌కు ఫోన్ చేస్తే, ఇంకో ఆకుపచ్చ కోటాయన పొద్దున్నే కారులో వెళ్లిపోయాడన్నారు. ఎటు వెళ్లాడో తెలియదన్నారు.

ఒర్విల్ నీళ్ల సీసాలు పక్కన పెట్టేశాడు. "ఆ పిల్లల నోట్లో నా చేతులారా మట్టి కొట్టాను బావగారూ. వాళ్ల చెమట ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉతుకుతున్నాను. ఒక్క జట్టు, ఒక్కటంటే ఒక్క జట్టు జనవరిలో ఆడితే చూసి పోదామనుకున్నాను."

ముసలాయన మళ్లీ గడియారం చూసుకున్నాడు. "ఆట ఇంకా ఉందిగా. నీళ్లివ్వండి వాళ్లకి" అన్నాడు మెల్లగా.

పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. చివరి రెండు నిమిషాలు, మూడు పాయింట్ల వెనకబాటు, ఆఖరి అవకాశం. బంతి పది గజాలు దాటిందో, లేక అవతలి జట్టుకు ఇచ్చేయాలో కొలవడానికి గొలుసు లాగారు. ముసలాయన బురదలో మోకాళ్లమీద కూలబడి, "దాటింది! వేలెడు దాటింది!" అని గావుకేక పెట్టాడు. గొలుసు పట్టేవాడికి పక్షపాతం ఉండకూడదని రిఫరీ చెడామడా తిట్టాడు. ఆ తర్వాత నాలుగో ప్రయత్నానికే గెలుపు పాయింట్లు వచ్చాయి.

పదకొండుకు పదకొండు. అయినా సామాను గదిలో ఎవరి మొహంలోనూ కళ లేదు. ఒర్విల్ జెర్సీలు పోగు చేస్తున్నాడు. గోడ గడియారం ఆరు కొట్టగానే ముసలాయన బయటికి వెళ్లి, చేతి మీద కోటుతో తిరిగొచ్చాడు. ఆకుపచ్చ కోటు. టైరు విప్పేటప్పుడు బురదైందని కారులో విడిచేసింది; ఒక చేయి మోచేతి దాకా బురదే.

"నా పేరు ఆంబ్రోస్ లేథమ్. పుచ్చకాయ బౌల్ కమిటీ. ఆరుకి ముందు చెప్పకూడదు గదండీ, అందుకే ఊరుకున్నాను."

ఒర్విల్ చేతిలోని జెర్సీలు కింద పడ్డాయి. "అయ్యో దేవుడా! మీచేత గొలుసు మోయించానా! ఒక్క పై ముక్క కూడా పెట్టలేదే!"

"అదే మీరు చేసిన మేలు. ఇరవై రెండేళ్ల నుంచీ తిరుగుతున్నాను. ఎక్కడికెళ్లినా పళ్లెం అడ్డం, పొగడ్త అడ్డం. ఒక ఆట మొదలు నుంచి చివరిదాకా చూడడం ఇదే మొదటిసారి. మీ పిల్లల్ని గజం గజం నా చేత్తో కొలిచాను. కొత్త సంవత్సరం రోజు మాకు వచ్చి ఆడతారా?"

గది దద్దరిల్లింది. అరవై మంది కుర్రాళ్లు ఒర్విల్‌ను ఎత్తి పట్టుకున్నారు. ఏడవకూడదన్న పొద్దుటి పథకం గాలికి పోయింది. కిందికి దించగానే ఒర్విల్ లేథమ్ చేతులు రెండూ పట్టుకుని, "మీ రుణం తీర్చుకోలేనండీ" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బయట క్లీటస్ మార్ల్ కూడా, ఎందుకో తెలియకపోయినా, కనబడినవాళ్లందరికీ చేతులు జోడిస్తూ కారెక్కాడు.

"మీరన్నది నిజమే ఒర్విల్ గారూ" అన్నాడు లేథమ్. "టైరు పేలకపోతే నేనూ అక్కడ పై తింటూ ఉండేవాణ్ణి. ఇది న్యాయం కాదు. ఎనిమిది జట్లను ఆడించాల్సిందేనని కమిటీలో ఇవాళే గొడవ పెట్టమంటారా?"

ఒర్విల్ ముక్కు చీదుకుని, కళ్లు తుడుచుకున్నాడు.

"పెట్టండి, తప్పకుండా పెట్టండి. కాకపోతే జనవరి రెండో తారీఖున."