అర్థం కానివాళ్ళలో ఆఖరివాడు

ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో ఇంగ్లీషు ప్యాసేజీ చదివితే అర్థం కానివాడంటూ వచ్చే ఏడాదికల్లా ఒక్కడు కూడా మిగలడని విద్యామంత్రిగారు నిండుసభలో ప్రకటించారు. మశూచిని తరిమేసినట్టు అర్థంకాకపోవడాన్ని తరిమేస్తామన్నారు. ఎంత గొప్ప ఆశయమో చూడండి! ఇదివరకటి మంత్రులు గదులు కట్టిస్తామనీ, పంతుళ్ళను వేస్తామనీ చిన్నాచితకా మాటలతో పొద్దుపుచ్చారే తప్ప, ఏకంగా జబ్బు మూలాన్ని పట్టుకున్న మహానుభావుడు ఈయన ఒక్కడే.

ప్రకటన అయితే చేశారు గానీ, అది ఎలా చెయ్యాలో మంత్రిగారికి తెలీదు. తెలుసుకోవడం ఆయన పని కూడా కాదు. ఆ పని డైరెక్టరుగారిది. ఆయన కాలేజీలన్నీ గాలించి, ఒక్క కాలేజీలో మాత్రం రీడింగ్ కాంప్రహెన్షన్‌లో అందరికీ నూటికి నూరు వస్తున్నాయని కనిపెట్టారు. వెంటనే ఆ అద్భుతానికి కారకుడైన ఇంగ్లీషు లెక్చరర్‌ను ఆఫీసుకి పిలిపించారు.

ఆ లెక్చరర్‌ని అందరూ ప్యాసేజీ మాస్టారంటారు. కాంట్రాక్టు ఉద్యోగం. వేసవి రాగానే ఊడటం, కాలేజీ తెరవగానే ప్రిన్సిపాల్‌గారి గది ముందు చేతులు కట్టుకుని నిలబడి మళ్ళీ తగిలించుకోవడం. జుట్టు నెరిసింది గానీ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. "ఏమండీ, నేను కూడా ఏటా రెన్యూవల్ చేయించుకోవాలేమో కాస్త కనుక్కోండి," అని భార్య అన్నప్పుడల్లా ఆయన నవ్వేసేవాడు. నవ్వొచ్చి కాదు.

"మీ పద్ధతి ఏమిటో చెప్పండి," అన్నారు డైరెక్టరుగారు.

"పెద్ద పద్ధతేం కాదండీ. ప్రశ్నలో కాస్త లావుపాటి మాట ఒకటి చూసుకుని దానిమీద ఎడమచేతి వేలు పెట్టాలి. అదే మాట ప్యాసేజీలో ఎక్కడుందో వెతికి దానిమీద కుడిచేతి వేలు పెట్టాలి. ఆ మాటకి ముందున్న చుక్క నుంచి తర్వాతున్న చుక్క దాకా దింపెయ్యాలి. అంతే."

"మరి ప్యాసేజీ చదివేది ఎప్పుడు?"

"చదవకూడదండీ. చదివితే అనుమానాలొస్తాయి. అనుమానాలొస్తే టైము చాలదు."

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. "అయ్యో, ఇన్నాళ్ళూ మనం చదివించడం వల్లే పిల్లలు పాడైపోయారన్నమాట!" అన్నారు.

మాస్టారు మొదట్నుంచీ ఇలాంటివాడు కాదు పాపం. చేరిన కొత్తలో బాయిలర్ మీద ప్యాసేజీ ఒకటి వస్తే, ఇంట్లోంచి ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళి, ఆవిరి ఎందుకు తోస్తుందో, వాల్వు దేనికుందో క్లాసులో చూపించాడు. పిల్లలకి భలే అర్థమైంది. అర్థమైనదంతా పరీక్షలో సొంత మాటల్లో రాసేశారు. క్లాసు క్లాసంతా తప్పింది. 'ప్యాసేజీలో ఉన్నట్టు లేదు' అని దిద్దినవాళ్ళు ఎర్రసిరాతో కొట్టేశారు. ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "కుక్కరు ఇంట్లో ఉంచుకోవయ్యా," అని ఒక్క మాటే అన్నారు. ఆ వేసవిలోనే మాస్టారు సిగ్గు చంపుకుని వేళ్ళ పద్ధతి కనిపెట్టాడు. మొదట్లో గుండెల్లో కలుక్కుమనేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

అలా 'వేలు పథకం' పుట్టింది. గోడలనిండా పోస్టర్లు. వాటిల్లో మంత్రిగారు నవ్వుతూ రెండు చూపుడువేళ్ళు చూపిస్తుంటారు. టైంటేబుల్లో వేళ్ళ వ్యాయామం చేరింది. కష్టమైన మాటలకి కూడా తగిన ఏర్పాటు జరిగింది. మాటకి మాట జతకట్టి, ఆ జతల్ని బట్టీ పట్టించారు. ఏడాది తిరక్కుండానే ఊరూరా నూటికి నూరు. అర్థంకాకపోవడం సమూలంగా నిర్మూలన అయిందని ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ఎవరైనా తనకు అర్థం కాలేదని అంటే దాన్ని ప్రభుత్వం మీద దుష్ప్రచారంగా భావించి చర్య తీసుకుంటారని కూడా అందులో ఉంది. దాంతో క్లాసుల్లో లేచి అడిగేవాడు లేకుండా పోయాడు. గదులన్నీ ఎంత ప్రశాంతంగా ఉండేవో చెప్పలేం.

ఈ విజయానికి గుర్తుగా మాస్టారి కాలేజీలోనే కాంప్రహెన్షన్ భవనం ఒకటి కట్టారు. దాన్ని ప్రారంభించడానికి మంత్రిగారే స్వయంగా వస్తున్నారు. పై అంతస్తులో సభ. ఆ సభలోనే మాస్టారి ఉద్యోగం పర్మనెంటు చేస్తూ వేదిక మీద సంతకం పెడతారట. ఆ ఉదయం భార్య ఆయన చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేసింది. "సంతకం అయ్యేదాకా నోరు తెరవకండి. అయ్యాక కూడా తెరవకండి," అని చెప్పి పంపింది.

ఆయనతోపాటు మేనకోడలు కూడా బయల్దేరింది. అక్క కూతురు. చిన్నప్పట్నుంచీ వీళ్ళింట్లోనే ఉండి, ఇప్పుడు అదే కాలేజీలో చదువుతోంది. కాలేజీలో సార్, ఇంట్లో మావయ్యా అంటుంది. వేలు పథకంలో మొత్తం మీద ఫస్టొచ్చింది ఆ పిల్లే. పిల్లల్లేని మాస్టారికి ఆ పిల్లంటే ప్రాణం. కాళ్ళు కూడా నేలమీద ఆనని వయసులో దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ చిట్టి వేళ్ళు పట్టుకుని అక్షరాలు చూపించింది ఆయనే.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి లిఫ్టెక్కారు. వెంట డైరెక్టరుగారు, ప్రిన్సిపాల్‌గారు, మాస్టారు, మేనకోడలు. విలేకరులూ తక్కినవాళ్ళూ మెట్లెక్కి పైకి వెళ్ళారు. లిఫ్టు కొంతదూరం హుందాగా ప్రయాణించి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఫ్యాను కూడా ఆగింది.

"ఏమైంది?" అన్నారు మంత్రిగారు.

"ఆగిందండీ," అన్నారు డైరెక్టరుగారు, ఆ సంగతి తానే కనిపెట్టినట్టు.

తలుపు పక్కన గోడకి, లిఫ్టు ఆగితే చేత్తో తలుపు తెరవడానికి, చిన్న ఇనుపచక్రం ఉంది. మంత్రిగారు పట్టుకుని తిప్పబోయారు. కదల్లేదు. డైరెక్టరుగారు వేలాడినంత పని చేశారు. ఊహూఁ. చక్రం పైన ఇత్తడి పలకమీద ఇంగ్లీషులో నాలుగు లైన్లు చెక్కి ఉన్నాయి. అది చూసి మంత్రిగారి మొహం వికసించింది.

"ఇంకేం! టాపర్ మన పక్కనే ఉండగా భయమెందుకు? చదవమ్మా!"

ఆ పిల్ల గంటకొట్టినట్టు చదివింది. ఒక్క తప్పు లేదు.

"భేష్! ఇప్పుడేం చెయ్యాలి మరి?"

"ప్రశ్న ఇవ్వండి సార్," అంది పిల్ల వినయంగా.

డైరెక్టరుగారు మాస్టారికేసి చూశారు. మాస్టారు గొంతు సవరించుకుని, లిఫ్టు ఆగినప్పుడు ప్రయాణికులు ఏం చెయ్యాలని ఇంగ్లీషులో అడిగాడు. పిల్ల ఎడమవేలు గాల్లో పెట్టింది, కుడివేలు పలకమీద పెట్టింది. "లిఫ్టు ఆగినప్పుడు ప్రయాణికులు డిటెంట్‌ని డిస్‌ఎంగేజ్ చేసి చక్రాన్ని ఎడమవైపు తిప్పవలెను," అని పలకమీద ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో అప్పజెప్పింది.

అందరూ చప్పట్లు కొట్టారు. చక్రం దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

"డిస్‌ఎంగేజ్ అంటే ఏమిటమ్మా?" అన్నారు డైరెక్టరుగారు హుషారుగా.

"రిలీజ్ సార్."

"రిలీజ్ అంటే?"

"డిస్‌ఎంగేజ్ సార్."

"చూశారా సార్, రెండువైపులా వచ్చు!"

మళ్ళీ చప్పట్లు. ఆ చప్పుడు విని పైన సభలో ఉన్నవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. మంత్రిగారి పీఏ పైనుంచి కేకేశాడు. "సార్, లోపల ఏమైనా ఇబ్బందా సార్?"

"ఇబ్బందేమిటయ్యా, సమీక్ష జరుగుతోంది!" అని మంత్రిగారు కిందనుంచి గర్జించారు.

"డిటెంట్ అంటే?" అన్నారు డైరెక్టరుగారు.

"అది టెక్నికల్ పదం సార్. దానికి అర్థం రాయక్కర్లేదు. కింద గీత గీస్తే చాలు, మార్కు ఇచ్చేస్తారు."

డైరెక్టరుగారు జేబులోంచి పెన్ను తీసి పలకమీద ఆ మాట కింద గీత గీశారు. లిఫ్టు కదల్లేదు.

మాస్టారు పలకమీది లైన్లు తనలో తాను మళ్ళీ చదువుకున్నాడు. ఇంగ్లీషు ఆయనకి వచ్చు. ఏదో ఒకదాన్ని వదిలించి, తర్వాత చక్రం ఎడమవైపు తిప్పాలి. ఆ ఏదో ఒకటి ఏమిటన్నదే తెలీదు. చక్రం చుట్టూ బోల్టులున్నాయి, గుబ్బలున్నాయి, చిన్న కొక్కెం ఉంది. పక్కనే ఉన్న ప్రిన్సిపాల్‌గారు మెకానికల్‌లో డాక్టరేటు. అడిగితే చెబుతారేమో. కానీ అడిగితే అర్థం కాలేదన్నట్టే కదా! అర్థం కానివాడు ఒక్కడూ లేడని సంతకం పెట్టిన మనిషి మోచేతి దూరంలో నిలబడి ఉన్నాడు. ఇంకో సంతకం ఆయన చేతిలోనే ఉంది. మాస్టారు పళ్ళు బిగబట్టి మరో ప్రశ్న తయారుచేశాడు. చక్రాన్ని ఏ వైపు తిప్పాలని అడిగాడు. పిల్ల చెప్పింది. నూటికి నూరు.

లోపల గాలి వేడెక్కింది. పిల్ల గొంతు సన్నబడింది. నాలుగో ప్రశ్నకి వేలు పలకమీంచి జారింది. "సార్..." అని, తర్వాత "మావయ్యా..." అని గోడకి ఆనుకుని అలా కిందికి జారిపోయింది.

మాస్టారికి భార్య మాట, ఇస్త్రీ చొక్కా, పర్మనెంటు ఏవీ గుర్తురాలేదు. పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని అరిచేశాడు.

"నాకు అర్థం కాలేదండీ! డిటెంట్ అంటే ఏమిటో నాకు తెలీదు! ఎవరికైనా తెలిస్తే చెప్పండి బాబూ, పిల్ల చచ్చిపోయేలా ఉంది!"

డైరెక్టరుగారు రెండు చెవులూ మూసుకున్నారు. అంత చెడ్డ మాట అక్కడ ఎవరూ విని ఎన్నాళ్ళయిందో.

"ఆ కొక్కెమేనయ్యా," అన్నారు ప్రిన్సిపాల్‌గారు మెల్లగా. "చక్రం తిరక్కుండా పట్టి ఉంచేది. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ దాని పాఠమే చెబుతున్నాను."

"మరి చెప్పరేమండీ ఇంతసేపూ!"

"ఎవరూ అడగలేదుగా. అడక్కుండా చెబితే, ఎవరికో అర్థం కాలేదని నేను అనుమానించినట్టవుతుంది."

మాస్టారు కొక్కెం లాగి చక్రం ఎడమవైపు తిప్పాడు. తలుపులు తెరుచుకున్నాయి. చల్లగాలి వచ్చింది. పిల్ల కళ్ళు తెరిచింది. ఆ క్షణంలో మాస్టారికి కుక్కరు పట్టుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ళ తర్వాత నిజంగా సంతోషం వేసింది.

మంత్రిగారు మొహం తుడుచుకుని, చొక్కా సర్దుకుని, అంతస్తుల మధ్య నుంచి పైకెక్కి విలేకరుల ముందు నిలబడ్డారు. పూలగుచ్ఛం అందుకున్నారు.

"మేం నూటికి నూరు అన్నప్పుడు ప్రతిపక్షాలు వెక్కిరించాయి," అన్నారు. "ఒప్పుకుంటున్నాను. ఎక్కడో ఒకడు మిగిలే ఉన్నాడని నాకూ అనుమానంగానే ఉండేది. ప్రాణాలకు తెగించి లిఫ్టులోకి దిగి, వాణ్ణి నేనే స్వయంగా పట్టుకున్నాను. తన నోటితో తానే ఒప్పుకున్నాడు. సాక్షులున్నారు. ఈ క్షణం నుంచి వాడు ఉద్యోగంలో లేడు. కాబట్టి ఇవాళ్టితో మన లక్ష్యం సంపూర్ణం!"

చప్పట్లు ఆగలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో మాస్టారి విషయంలో పర్మనెంటుగా జరిగింది ఇదొక్కటే.

ఇంటికొచ్చి చెబితే భార్య ముందు పిల్లని దగ్గరికి లాక్కుంది. నుదురు నిమిరి, "పోతే పోయింది లెండి వెధవ ఉద్యోగం. పిల్ల దక్కింది," అంది. పిల్ల మాత్రం మావయ్య చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నావల్లే మావయ్యా, అంతా నావల్లే," అని ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

పరీక్షలొచ్చాయి. ఇంగ్లీషు పేపరు డైరెక్టరుగారే స్వయంగా తయారుచేశారు. ఆ మధ్యాహ్నం మాస్టారు వంటింట్లో పీట వేసుకుని కుక్కరుకి కొత్త రబ్బరు తొడుగుతున్నాడు. పిల్ల గుమ్మంలోంచే ఎగురుకుంటూ వచ్చింది.

"మావయ్యా, ఇంగ్లీషు ఎంత తేలిగ్గా ఇచ్చారో తెలుసా! అందరికంటే ముందు నేనే ఇచ్చేసి వచ్చాను. నూటికి నూరు ఖాయం."

"ప్యాసేజీ దేనిమీద వచ్చిందమ్మా?"

"ఏదో లిఫ్టు గురించి మావయ్యా. ఎవరో మంత్రి ఇరుక్కున్నాడు, ఎవరో అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది, దాన్ని కాపాడబోయి ఎవరికో ఉద్యోగం ఊడింది. అన్ని ప్రశ్నలూ రాసేశాను."

మాస్టారు రబ్బరు తొడగడం ఆపాడు. తలెత్తి పిల్ల మొహంలోకి చూశాడు.

"ఉద్యోగం ఊడింది ఎవరికమ్మా?"

పిల్ల కళ్ళు మూసుకుంది. ఎడమచేతి వేలు గాల్లో పెట్టింది, కుడిచేతి వేలితో గాల్లోనే కాస్త పైన వెతికింది. ఒక చోట ఆపి, కళ్ళు తెరిచి నవ్వింది.

"ఆరో లైనులో వాడికి, మావయ్యా."