బండను కాపాడటానికి అభ్యంతరం లేదు

తొండను లెక్కపెట్టడానికి కళ్లు చాలవు, ప్రభుత్వం కావాలి. ఈ సూత్రం పాఠ్యపుస్తకాల్లో లేదు కాబట్టి, వన్యప్రాణి సంరక్షణలో ఎమ్మెస్సీ చదువుతున్న శ్రీలతకు తెలియదు. ఎవరి సాయమూ లేకుండా సొంతంగా పరిశోధన చేయాలని విశ్వవిద్యాలయం నిబంధన. (సాయం తీసుకోలేదని ఏడుగురు సంతకం చేయాలి.) ఆమె హైదరాబాద్ శివారు ఖాజాగూడలో ఒక బండను, దాని మీది రాతి తొండలను ఎంచుకుంది. పక్కనే ఐటీ టవర్ల కోసం రాళ్లు పేలుస్తున్నారు. తొండలున్నాయని కాగితం మీద రుజువైతే ఆ ఒక్క బండైనా మిగులుతుందని ఆమె ఆశ.

లెక్కకు అనుమతి అడిగితే చెట్లు చూసుకునే కార్యాలయం వారు, చెట్టు లేదు కనుక అది అడవి కాదన్నారు. భూములు చూసుకునేవారు బండ తమదేననీ, తొండలు మాత్రం తమవి కావనీ తేల్చారు. చివరికి శిలాజీవ సమన్వయాధికారి సోమేశ్వరరావు దయతలిచారు. లెక్క పనిదినాల్లోనే, అధికారి సమక్షంలోనే జరగాలి. ఆ తర్వాత బండను కాపాడటానికి అభ్యంతరం లేదని పత్రం ఇస్తారు.

మర్నాడే ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిదినమన్నదే లేకుండా పోయింది. శ్రీలత కూడా పొద్దున రాస్తారోకోలో కూర్చుని, మధ్యాహ్నం బండ దగ్గరికి వచ్చేది. పేలుళ్లు ఆగడంతో తొండలు పిల్లాపాపలతో బయటికొచ్చి ఎండ కాగుతున్నాయి. ఆమె మాత్రం నోట్‌బుక్ మూసుకుని కూర్చుంది. ఆగిన యంత్రాలకు కాపలా ఉండే సాయిలు చూసి చూసి అడిగాడు.

"ఎందుకు రాస్తలేవు బిడ్డా?"

"ఇయ్యాల పనిదినం కాదు కాకా."

"మరి గా ముచ్చట తొండలకు ఎవ్వరు చెప్పలేదా?"

ఆమెకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి లెక్కపెట్టింది. పిల్లలతో కలిపి అరవై ఒకటి. అంత సంతోషం ఆమెకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

నలభై రెండు రోజులకు సమ్మె ముగిసింది. సోమేశ్వరరావు నోట్‌బుక్ మర్యాదగా తిప్పి చూశారు.

"మీరు లెక్కపెట్టినప్పుడు ప్రభుత్వం లేదండి. మేము లేనప్పుడు కనిపించినవాటిని ఎలా నమ్మమంటారు?"

మళ్లీ లెక్కకు పదిహేను రోజుల తర్వాతి తేదీ ఒకటి ఇచ్చారు. యంత్రాలు తేదీ అడగలేదు, మర్నాడే వచ్చాయి.

చెప్పిన రోజున, చెప్పిన సమయానికి (ఇది రికార్డు) అధికారి జీపు దిగారు. బండ ఉన్నచోట గుంత, గుంత పక్కన కంకర కుప్ప. శ్రీలత ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆయన మనసు కరిగింది. జీపు బానెట్ మీదే కాగితం పరిచి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చారు.

"సదరు బండ ప్రస్తుతం లేనందున, దానిని కాపాడటానికి ఈ కార్యాలయానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు."