సింహాద్రి పన్నెండు మార్కులు

ఒక పెద్ద అడవిలో చెంగల్రాయుడనే కుర్ర ఉడుత చేతికి యాభై మూడు తలకాయలు వచ్చాయి.

అవి ఎర్రకొమ్ముల జట్టు ఆటగాళ్ల తలకాయలు. పొట్టేళ్లు, దున్నలు, మేకపోతులు అన్నీ కలిపి యాభై మూడు. ఆటేమిటంటే, ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది నిలబడతారు. రెండు కొసలూ మొనదేలిన బంతిని పట్టుకుని ఒకడు అవతలి గీత దాటాలి. దాటనివ్వకుండా ఎదుటివాళ్లు కుమ్మాలి. కుమ్మడానికి వీలుగా అందరూ తలలకు ఎండిన సొరబుర్రలు తొడుక్కునేవారు. సొరబుర్ర పగలకపోతే లోపలి బుర్రకు ఏమీ కానట్టేనని అడవిలో అందరి నమ్మకం.

ఆట మానేసిన దున్నలు ఇంటిదారి మరిచిపోయి వాగు మధ్యలో నిలబడిపోవడం మొదలుపెట్టాక ఆ నమ్మకం కాస్త సడలింది. అటవీ క్రీడామండలి సిగ్గుపడి ఒక నియమం చేసింది. సీజన్ మొదట్లో ప్రతి ఆటగాడికీ యాభై మార్కులకు బుర్ర పరీక్ష. ఆటలో తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. ఐదు మార్కులకు మించి తగ్గితే నాలుగు ఆటలు బెంచీ మీదే. బుర్ర చెడి ఆట మానుకున్నవాడికి, ఎన్ని మార్కులు తగ్గితే నెలకు అన్ని మోపుల గడ్డి, బతికినన్నాళ్లూ జట్టు యజమాని వేయాలి.

పరీక్ష నిష్పక్షపాతంగా జరగాలని, పగలు కళ్లు కనిపించని గుడ్లగూబను డాక్టరమ్మగా నియమించారు. పాత పత్రాలను భద్రపరిచే పని చెదపురుగుల శాఖకు అప్పగించారు.

జట్టు యజమాని వరహాలయ్య అనే అడవిపంది. తండ్రి చనిపోతూ వదిలిపోయిన జట్టు. ఆయన ఏనాడూ పది అడుగులు పరిగెత్తిన పాపాన పోలేదు. గట్టు మీది బండరాయెక్కి ఆట చూసేవాడు. గెలిస్తే "మనం గెలిచాం" అనేవాడు, ఓడితే "మీరు ఓడారు" అనేవాడు.

చెంగల్రాయుణ్ణి జట్టు లెక్కలు చూసే ఈ ఉద్యోగానికి ఎవరూ పిలవలేదు. మూడేళ్ల క్రితం తనే టేకాకు నిండా అంకెలు గీకి, ఏ ఆటగాడు ఎన్నడుగుల్లో అలిసిపోతాడో రాసి తెచ్చాడు. కాపలా కుక్కలు తరుముకుంటే, సింహాద్రి అనే పెద్ద పొట్టేలు అతణ్ణి కొమ్ము మీదికి ఎక్కించుకుని నేరుగా వరహాలయ్య ముందు దించింది. అప్పటినుంచీ చెంగల్రాయుడు దాన్ని "మామా" అనేవాడు. సింహాద్రికి ఇతను "అల్లుడు".

ఆ ఏడు సీజన్ మొదలయ్యే ముందు ఉడుత కొత్త టేకాకుతో వచ్చాడు. పోయినేడు ఎనిమిది మంది మంచి ఆటగాళ్లు మార్కులు తగ్గి బెంచీ ఎక్కారని, అందుకే జట్టు సెమీస్ దాటలేదని లెక్క చూపించాడు.

"మన సగటు నలభై నాలుగయ్యా. ఎత్తులో ఉన్నవాడే పడతాడు. నేల మీద పడుకున్నవాడు ఎక్కడికని పడతాడు?" అన్నాడు.

వరహాలయ్య ముట్టెతో కాసేపు మట్టి తవ్వాడు. ఏదైనా అర్థమవుతున్నప్పుడు ఆయన అలా తవ్వుతాడు. "అంటే, మొదటి పరీక్షే మొద్దుల్లా రాయమంటావు."

"పన్నెండు చాలయ్యా. మరీ సున్నా అయితే బాగుండదు."

వరహాలయ్య ఇంకో గుంట కూడా తవ్వి, సరేనన్నాడు. ఆ రెండో గుంట ఎందుకో చెంగల్రాయుడు ఆలోచించలేదు.

కోచ్ కొండముచ్చు గురవయ్యకు సంగతి చెప్పారు. నాలుగు జట్లలో ఉద్యోగం ఊడి ఇక్కడ తేలినవాడు కనుక, తనకేమీ వినబడలేదని ఆయన ముందుగానే చెప్పేశాడు.

తప్పులు చెప్పడం నేర్పించడం ఒప్పులు నేర్పించడం కంటే కష్టమని ఉడుతకు అప్పుడే తెలిసింది. పరీక్షలో ఇరవై ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు. డాక్టరమ్మ మొదట ఆరు ఆకుల పేర్లు చదివి, ఆఖర్న వాటిని తిరిగి చెప్పమంటుంది. ఇక మిగిలినవి కూడికలు, తీసివేతలు, దారులు. ఆకుల పేర్లు ఆరూ సరిగ్గా చెప్పి, తక్కినవన్నీ తప్పు చెప్పాలని అందరిచేతా వల్లె వేయించాడు. దున్నలు ఒక పూటలో నేర్చుకున్నాయి. సింహాద్రే మొరాయించింది. అది జట్టుకు నాయకుడు. ఆటలో ఎవరెటు పరిగెత్తాలో ఎనభై సైగలు దాని తలలో ఉంటాయి. పోయినేడు నలభై ఆరు మార్కులు తెచ్చుకుంది.

"మా మనవలకు లెక్కలు చెప్పేది నేనేరా అల్లుడూ. వందలో ఏడు పోతే తొంభై ఆరని నా నోటితో ఎట్లా అనమంటావు?"

"పరీక్ష వరకే మామా. తర్వాత ఎంత దెబ్బ తగిలినా నిన్ను బెంచీ ఎక్కించేవాడుండడు. పదకొండేళ్లుగా ఆడుతున్నావు, ఒక్క ఫైనలైనా ఆడొద్దూ?"

సింహాద్రి చాలాసేపు నెమరు వేసింది. చివరికి తొంభై ఆరంది.

పరీక్షలో యాభై ముగ్గురికీ సరిగ్గా పన్నెండేసి వచ్చాయి. డాక్టరమ్మ కళ్లు చికిలించి, ఈ ఏడు మేత బాగాలేదేమో అని గొణిగి సంతకం పెట్టింది.

ఇక ఆ సీజన్‌లో ఎర్రకొమ్ముల జట్టును ఆపినవాడు లేడు. మిగతా జట్లలో దెబ్బ తగిలినవాళ్లు బెంచీలు ఎక్కుతుంటే, వీళ్లు పడి, లేచి, పన్నెండు తెచ్చుకుని మళ్లీ కుమ్మేవారు. వరుసగా తొమ్మిది ఆటలు గెలిచారు. వరహాలయ్య బండరాయి మీదనుంచి "మనం, మనం" అని అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. చెంగల్రాయుడికి టేకు చెట్టులో ఇంకో రెండు కొమ్మలు పైకి గది ఇచ్చారు.

ఫైనల్‌కు వారం ముందు సింహాద్రికి మూడోసారి దెబ్బ తగిలింది. పరీక్ష పెట్టారు. పన్నెండే వచ్చాయి. అలవాటుకొద్దీ చెంగల్రాయుడు ఆ పత్రం తిరగేసి చూసి, తోక ముడుచుకుని కూర్చుండిపోయాడు.

ఆకుల పేర్లు ఒక్కటీ రాలేదు. ఆరు తీసివేతలు మాత్రం సరిగ్గా ఉన్నాయి. మనవలకు ఏళ్ల తరబడి చెప్పిన లెక్కలు గనక అవి ఎలాగో నిలిచాయి. నటించేవాడైతే నేర్పినట్టే నటిస్తాడు. సింహాద్రికి నేర్పినదీ గుర్తులేదు, నటించాలనీ గుర్తులేదు.

చూడటానికి వెళ్తే పొట్టేలు మర్యాదగా తల ఊపి, "ఎవరి తాలూకు బాబూ నువ్వు?" అని అడిగింది.

ఉడుత పరుగున వరహాలయ్య దగ్గరికి పోయి, సింహాద్రిని ఫైనల్ ఆడించొద్దని బతిమాలాడు.

"సీజన్ మొదట్లో ఎంత?" అన్నాడు వరహాలయ్య.

"పన్నెండు."

"ఇప్పుడు?"

"పన్నెండే. కానీ ఇవి వేరే పన్నెండయ్యా."

"పన్నెండుకు కులగోత్రాలుంటాయేమిటోయ్? లెక్క నేర్పింది నువ్వే, ఇప్పుడు నువ్వే తప్పంటే ఎట్లా?"

ఫైనల్ రోజున సింహాద్రి మధ్యలో నిలబడింది. సైగ కోసం పదిమందీ దాని వంకే చూశారు. అది ఎదుటి జట్టు పొట్టేలును, నీళ్లరేవు ఎటువైపని అడిగింది. పదిమందీ ఎవరికి తోచిన దిక్కుకు వాళ్లు పరిగెత్తారు. సీజనంతా విశ్రాంతన్నది ఎరగని తలలు గనక ఎవరికీ ఏదీ సరిగ్గా తోచలేదు. నలభై తొమ్మిదికి మూడు. "మీరు ఓడిపోయారు" అని వరహాలయ్య బండరాయి దిగి వెళ్లిపోయాడు.

సింహాద్రి ఆట అయిపోయింది. దానికి జీవితాంతం మేత సంగతేమిటని మండలి అడిగితే, వరహాలయ్య తీరిగ్గా రెండు పత్రాలూ ముందు పెట్టాడు. పన్నెండుతో వచ్చాడు, పన్నెండుతో వెళ్తున్నాడు, తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే అప్పజెప్పాను, ఒక్క గడ్డిపరక కూడా బాకీ లేనన్నాడు. రెండో గుంట ఎందుకు తవ్వాడో చెంగల్రాయుడికి అప్పుడు తెలిసింది. పోయినేటి పత్రం కావాలని ఉడుత అడిగితే, చెదపురుగుల శాఖ దోసెడు మట్టి పంపింది.

కానీ యాభై ముగ్గురికి ఒకే మార్కులు రావడం చూసి మండలికి కూడా అనుమానం వచ్చింది. విచారణ పెట్టారు. విచారణకూ ఒక నియమముంది. అదే బుర్ర పరీక్షలో ముప్ఫై మార్కులు దాటినవాడి సాక్ష్యమే చెల్లుతుంది. కుట్ర చేసే తెలివి కూడా ముప్ఫై దాటినవాడికే ఉంటుంది, కాబట్టి శిక్షా వాడికే. నేరం రుజువైతే నది అవతలికి వెళ్లగొడతారు.

కోచ్ గురవయ్య లోపలికి వెళ్లి పది మార్కులతో బయటికొచ్చాడు. వరహాలయ్య ఎనిమిది తెచ్చుకుని, ముట్టె తుడుచుకుంటూ ఉడుత పక్కన ఆగాడు.

"ఒక పది తెచ్చుకుని వచ్చెయ్యవోయ్. వచ్చే సీజన్‌కు నిన్ను మేనేజర్ని చేస్తాను. చిట్టచివరి కొమ్మ నీదే."

వాకిట్లో సింహాద్రి నిలబడి ఉంది. మనవడొకడు తాతను ఇంటికి తీసుకుపోవాలని చూస్తున్నాడు. తాత కదలడం లేదు, ఆ పిల్లవాడెవరో తెలియక.

చెంగల్రాయుడు లెక్క వేశాడు. నలభై ఆరులోంచి పన్నెండు పోతే ముప్ఫై నాలుగు. నెలకు ముప్ఫై నాలుగు మోపులు. ఆ మాట ఎవరైనా నమ్మాలంటే తనకు ముప్ఫై దాటాలి. దాటితే నది అవతల తనకు తెలిసిన చెట్టు ఒక్కటీ లేదు. జీవితంలో ఇంత చిన్న లెక్కకు అతను ఇంతసేపు ఎప్పుడూ తీసుకోలేదు.

డాక్టరమ్మ పేరు పిలిచింది. ఆరు ఆకుల పేర్లు చదివి, కళ్లు మూసుకుని, వందలో ఏడు పోతే ఎంతని అడిగింది.

యాభైకి యాభై తెచ్చుకుందామని నిశ్చయించుకుని, చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు.

నీతి: తలకాయలు చెడగొట్టినవాడికి ఏ అడవిలోనూ శిక్ష లేదు, తలకాయ ఉందని ఒప్పుకున్నవాడికే ఉంది.